పన్నెండు నిమిషాల లెక్క

"కారు మెడ్రాసు పంపాలంటే ఎంతవుద్ది?"

నేను తల ఎత్తలేదు. అనకాపల్లి గూడ్సు ఆఫీసులో ఆరు నెలలుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్నవాణ్ణి. ఎవరో అడగ్గానే తల ఎత్తేస్తే ఉద్యోగం మర్యాద ఏం కావాలి? రేట్ల పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు రెండు పేజీలు తిప్పి, అప్పుడు చూశాను.

కిటికీ అవతల ఒక అమ్మాయి. భుజాన గుడ్డ సంచి, మెడలో దర్జీ టేపు. వానకి తడిసిన పమిట కొంగు పిండుకుంటోంది. ఆ నీళ్లన్నీ మా ఆఫీసు గడప మీదే పడుతున్నాయి.

"ఎంతవుద్ది అంటే ఏం చెప్పడం? బెల్లం దిమ్మ అనుకున్నావా, బస్తాకి ఇంత అని చెప్పడానికి?"

"బెల్లానికయితే సెప్పీగలరా?"

"నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"అయితే మా కారుని బెల్లం అనుకోండి."

వెనక ఖాళీ గోనెల మీద కూర్చున్న, బస్తాలు మోసే కలాసీ పోతురాజు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"ముందు బరువు తెలియాలి. బరువు తెలుసుకుని రా," అన్నాను.

నిజానికి తెలియాల్సినవి ఆరు. బండి ఎంత బరువు, ఎంత పొడుగు, ఏ స్టేషనులో దిగాలి, చక్రాలు తిరుగుతాయా లేక మోసి ఎక్కించాలా, దారిలో దెబ్బ తింటే ఎవరిది బాధ్యత, వ్యాగన్ మొత్తం ఒక్కరికేనా. మైళ్లు నా దగ్గరే ఉన్నాయి. ఈ ఆరూ ఒక చీటీ మీద రాసిస్తే ఆ అమ్మాయి మర్నాటికే అన్నీ తెచ్చేసేది. నేను ఒక్కటే అడిగాను. ఆ రోజు కోపంతో అడిగాను. తరవాతి రోజుల్లో దేనితో అడిగానో మీకు చెప్పక్కర్లేదు.

అది నలభై ఆరు సెప్టెంబరు. యుద్ధం అయిపోయి ఏడాదయినా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే. బెల్లం రోజులు కావు కనక షెడ్డు ఖాళీ, నాకు పని లేదు. పని లేని గుమాస్తా ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

*

ఆమె పేరు కాసులమ్మ. శారదా నది ఒడ్డున ఇల్లు. రవికలు కుట్టి బుధవారం, శనివారం బజారులో బట్టల కొట్టుకి ఇచ్చి వెళుతుంది. తండ్రి అప్పలరాజు అనకాపల్లి నుంచి నర్సీపట్నం దాకా టాక్సీ నడిపేవాడట. కిందటి వానల్లో జ్వరం వచ్చి పోయాడు. కారు మాత్రం పాకలో ఉంది. అన్న కన్నబాబు పటాలంలో లారీ డ్రైవరు, యుద్ధం అయిపోయాక మెడ్రాసులో విడుదలయ్యాడు. అక్కడ అతనికి టాక్సీ పర్మిట్ ఇస్తామన్నారు. ఒకటే షరతు. అక్టోబరు ముప్పై ఒకటిలోగా బండి తెచ్చి చూపించాలి.

ఇదంతా శనివారం చెప్పింది. ఆ శనివారమే నేను, "కూర్చో," అన్నాను. గూడ్సు ఆఫీసుకి వచ్చినవాళ్లని కూర్చోమనడం నా అలవాటు కాదు. పోతురాజు దగ్గాడు.

"బరువు తెలిసిందా?"

"మా అయ్య, పక్కన ఒకరు, ఎనకాల ముగ్గురు, పైన నాలుగు అరటి గెలలు. అంత బరువూ మోసీది."

"అది మోసే బరువు కాదు. దాని సొంత బరువు."

"దాని సొంత బరువు ఎవులు తూసేరు? బెల్లం కాటా మీద పెట్టమంటారేటి?"

"రిజిస్ట్రేషన్ పుస్తకంలో రాసి ఉంటుంది. బరువు, పొడుగు, అన్నీ."

"పుస్తకవా?" అని సంచిని ఒళ్లోకి లాక్కుంది. "ఎతకాల. ఎక్కడుందో."

"పర్మిట్ వస్తే మీ అన్న ఇక్కడికి వస్తాడా?"

"ఆడెందుకొత్తాడు? మమ్మల్నే తీసుకెళ్లిపోతానన్నాడు. అమ్మనీ నన్నూ. కారు ఎల్లిన వారానికి మేం ఎల్లిపోడవే."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు ఆ కారంటే పడలేదు.

*

తరవాతి బుధవారం బరువు తెచ్చింది. అయ్య ఎప్పుడో చెప్పగా గుర్తుందట. నేను పొడుగు అడిగాను.

శనివారం పొడుగు తెచ్చింది. "పుస్తకం దొరకలేదు, టేపు పెట్టి కొలిసీసేను. పొడుగు నూట నలభై ఆరు అంగుళాలు. భుజాలు అరవై. నడుం ఎక్కడో తెలీక ఒగ్గీసేను."

"కారుకి రవిక కుట్టిస్తావేమిటి?"

"కుట్టమంటే కుడతాను. మీరే కదా రోజుకో కొలత అడుగుతన్నారు."

కనిపెట్టేసిందా అనుకున్నాను. కానీ ఆమె నా బల్ల మీదున్న లక్క బొంగరాన్ని వేలితో తిప్పుతూ దాన్నే చూస్తోంది. మా నాన్నది ఏటికొప్పాక, లక్క బొమ్మలు చేస్తాడు. కాగితాలు ఎగిరిపోకుండా ఆ బొంగరం బరువు పెట్టుకునేవాణ్ణి.

"మెడ్రాసులో ఏ స్టేషను?" అన్నాను.

"మెడ్రాసుకి ఎన్ని స్టేషన్లేటి?"

"చాలా ఉన్నాయి. మన పెద్ద పట్టాల మీదే దిగిపోతే ఒక రేటు. చిన్న పట్టాల లైను మీదకి మారాలంటే అక్కడ దింపి, మళ్లీ ఇంకో బండిలోకి ఎక్కించాలి. దానికి వేరే."

"అన్నయ్యకి రాయాల అయితే." లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "జవాబు మీ ఆఫీసు అడ్రసుకి రాయమంటాను. కారు సంగతి కదా, మీకే ముందు తెలాల."

ఆ ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి వారం పట్టింది. సమాధానం నాకు ముందే తెలుసు. మెడ్రాసు నగరంలో టాక్సీ నడిపేవాడు పెద్ద స్టేషనులో కాక ఎక్కడ దించుకుంటాడు? అయినా అడిగాను. ఆ వారంలో రెండుసార్లు ఉత్తరం వచ్చిందేమో చూడ్డానికి వచ్చింది. రెండుసార్లూ వాన పట్టుకుంది. రెండుసార్లూ వాన వెలిసే దాకా బెంచీ మీద కూర్చుంది. షెడ్డు రేకుల మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినపడక, ప్రతి మాటా రెండేసిసార్లు చెప్పుకున్నాం. అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఏ మాటా రెండుసార్లు చెప్పలేదు.

*

చక్రాలు తిరుగుతాయో లేదో చూడాలని వాళ్లింటికి నేనే వెళ్లాను. అది గుమాస్తా పని కాదు. పోతురాజుని పంపితే సరిపోయేది.

పాకలో నల్లటి చిన్న కారు. వెనక బొగ్గు గ్యాసు ప్లాంటు, యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క పెట్టించింది. దాన్ని విప్పేస్తే బరువు తగ్గుతుంది, కిరాయీ తగ్గుతుంది అని చెప్పాను. ఆ మాట చెప్పినందుకు వాళ్లమ్మ దేముడమ్మ నన్ను దేవుడిలా చూసింది. కళ్లాపి చల్లిన వాకిట్లో పీట వేసి, వేయించిన వేరుశనగ గుళ్లూ బెల్లం ముక్కా పెట్టింది.

"మా పని మీద ఎంత తిరుగుతన్నావు బాబూ. నీ తల్లి కడుపు సల్లగుండ," అంది.

బెల్లం ముక్క నోట్లో ఉంది. మిగతాది పక్కన పెట్టేశాను.

"చక్రాలు తిరుగుతాయా?" అన్నాను కాసులమ్మతో.

ఆమె మాట్లాడకుండా కారెక్కి, హ్యాండిలు తిప్పమని నాకు సైగ చేసి, స్టార్టు చేసింది. పాకలోంచి రోడ్డు దాకా నడిపి, మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టింది.

"అయ్య నేర్పేడు. సెరుకు తోటల దార్లో," అంది దిగుతూ. "ఎవులికీ సెప్పకండి."

మర్నాడు ఏటికొప్పాక నుంచి మా నాన్న చేసిన లక్క కారు ఒకటి తెప్పించాను. ఎర్రది, అరచేతిలో పట్టేంత. బుధవారం ఆమె ముందు పెట్టాను.

"దీనికి మెడ్రాసుకి ఎంతవుద్ది?" అంది.

"బరువు తెలియాలి."

నవ్వింది. నవ్వుతూనే కళ్లు దించుకుంది. "దీన్ని ఎక్కడికీ పంపను," అని సంచిలో వేసుకుంది.

అప్పటికి అక్టోబరు రెండో తారీఖు. నా దగ్గర రెండు ప్రశ్నలే మిగిలాయి.

"రైల్వే రిస్కా, ఓనర్స్ రిస్కా?"

"అంటే?"

"దారిలో ఏమైనా అయితే రైల్వే ఇచ్చుకోవాలంటే కిరాయి ఎక్కువ. ఏమైనా మాదే బాధ్యత అని మీరు సంతకం పెడితే తక్కువ."

"మాదే," అంది.

వ్యాగన్ మొత్తం ఒక్కరికే అనుకుని లెక్క కట్టాను. నూట అరవై రూపాయలు. ఆమె దగ్గర అంతా ఉంది, అయ్య దాచింది. అక్కడితో ఆపి రసీదు రాసేస్తే ఆ వారాంతానికి కారు మెడ్రాసులో ఉండేది. నేను ఆపలేదు.

"ఇంకో దారుంది," అన్నాను. "చెరకు ఫారం ఆఫీసరు గారికి మెడ్రాసు బదిలీ అయింది. ఆయనదీ చిన్న కారే, ఇరవయ్యో తారీఖున పంపుతున్నారు. పొడుగు వ్యాగన్ తెప్పిస్తే రెండూ అందులోనే పడతాయి. నీకు సగమే పడుతుంది."

ఇది అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్లూ నన్ను ఎక్కువగా బాధించింది ఇదే. ఎనభై రూపాయలు వాళ్లకి మిగల్చాలని నిజంగానే అనుకున్నాను. పద్దెనిమిది రోజులు ఆమె నాకు మిగలాలనీ అనుకున్నాను. ఏది ఎంతో ఏ రేట్ల పుస్తకంలోనూ ఉండదు.

"ఈలోగా ఏటీ అవదు కదా?" అంది.

"ఏమవుతుంది?"

"అయితే ఇరవైకే పంపుదాం," అంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు.

*

పదహారో తారీఖున పట్టిన వాన పద్దెనిమిది దాకా తెరిపివ్వలేదు. మొదటి రోజు మాకు పండగే. గొడుగు ఒకటే ఉందని సాకు పెట్టుకుని నది గట్టు దాకా కలిసి నడిచాం. నా కుడి భుజం, ఆమె ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయాయి. మధ్యలో ఉన్న రెండు భుజాలూ పొడిగానే ఉన్నాయి గానీ వణుకుతున్నాయి.

"మెడ్రాసులో ఇలాటి వాన పడతదా?" అంది.

"పడుతుందట. కానీ చూడ్డానికి నేను ఉండను."

"రాకూడదేటి? అక్కడ గూడ్సు ఆఫీసులుండవా?"

అడగాల్సిన మాట ఆ వానలోనే అడిగెయ్యాల్సింది. ఇరవయ్యో తారీఖున కారు ఎక్కించాక అడుగుదామనుకున్నాను. నాకు ప్రతిదీ ఒక రోజు వాయిదా వేసే జబ్బు పట్టుకుంది.

పందొమ్మిది పొద్దున తంతి వచ్చింది. తుని దాటాక లైను కొట్టుకుపోయింది. కనీసం పదిహేను రోజులు.

ఆమె ఆ రోజు బట్టల కొట్టుకి కూడా వెళ్లకుండా తిన్నగా వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదేను దినాలంటే?"

"మూడు, నాలుగు తారీఖులు."

"ముప్పయ్యొకటి దాటిపోద్ది."

"అవును."

"రోడ్డు మీద తోలీత్తే? నేను తోలుతాను."

"నాలుగు వందల అరవై మైళ్లు కాసులూ. అంత పెట్రోలుకి కూపన్లు ఎవరిస్తారు? ఏరులన్నీ పొంగి ఉన్నాయి. గోదావరి ఎలా దాటుతావు?"

మొదటిసారి కాసులూ అని పిలిచాను. ఆమెకి వినపడనే లేదు. తడిసిన టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు నిలబడింది.

"సెప్టెంబర్లోనే పంపీవలిసింది," అంది.

నేను రేట్ల పుస్తకం తెరిచి, మళ్లీ మూశాను.

*

లైను నవంబరు నాలుగున బాగయింది. పర్మిట్ అప్పటికే ఇంకెవరికో వెళ్లిపోయింది. ఎనిమిదో తారీఖున కన్నబాబు ఉత్తరం మా ఆఫీసుకి వస్తే, శనివారం ఆమె చేతికిచ్చాను. నిలబడే చదువుకుంది. సగంలో ఏడ్చింది, చివర్లో నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

"ఏం రాశాడు?"

"పర్లేదంట. వానకి ఎవులేటి సేత్తారంట. ఊటీ కొండ మీంచి టీ పెట్టెలు దింపే లారీ దొరికిందంట. వొచ్చే ఏడు పర్మిట్లు మళ్లీ ఇత్తారంట."

"ఆ చివర్లో ఏముంది?"

"మీకెందుకు?" అని మడిచి సంచిలో పెట్టేసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

డిసెంబరు అయిదున తంతి వచ్చింది. అతని ఉత్తరాల్లో వాళ్లకి దొరికిన అడ్రసు మా గూడ్సు ఆఫీసుదే. అందుకని నా బల్ల మీదకే వచ్చింది. ఘాట్ రోడ్డులో లారీ బోల్తా పడింది, కన్నబాబు లేడు, ఇంట్లో వాళ్లకి చెప్పగలరు అని నాలుగు ఇంగ్లీషు ముక్కలు.

నది దాకా నడిచాను. వాకిట్లో కుట్టు మిషను దగ్గర ఆమె కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. తరవాత నా చేతిలో కాగితం చూసింది. మిషను చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, దాన్ని చేత్తో ఆపింది. లోపల్నుంచి దేముడమ్మ, "ఎవులే, గూడ్సు బాబేనా, పీటెయ్యి," అంటోంది.

ఆ ఇంట్లో అప్పుడు విన్న ఏడుపు నేను రాయలేను.

*

కర్మలు అయ్యాక వెళ్లాను. ఆమె పాకలో కారు తలుపు ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నీకొకటి చెప్పాలి," అన్నాను. "నేను అడిగినవన్నీ మొదటి రోజే అడగొచ్చు. ఒక్క చీటీ మీద. నిన్ను మళ్లీ చూడాలని ఒక్కొక్కటే అడిగాను."

తిడుతుందనుకున్నాను. ఆమె లేచి సంచి తెచ్చి, అందులోంచి అట్ట మాసిన పుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టింది. కారు రిజిస్ట్రేషన్ పుస్తకం. బరువు, పొడుగు, చక్రాలు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి.

"మొదటి దినం కూడా ఇది సంచీలోనే ఉంది. మీరు పుస్తకం మాట ఎత్తేసరికి తీసి ఇచ్చీబోయేను. ఇచ్చీత్తే ఆ పూటే అయిపోద్దని ఇవ్వలేదు." పుస్తకం అట్టని వేలితో రుద్దింది. "ఆడు అక్కడ దినాలు లెక్కెడతన్నాడు. ఇక్కడ నేను మీకు టేపు పెట్టి కొలతలు సెప్తన్నాను."

నేను ఆమెని ప్రేమించానని, ఆమె నన్ను ప్రేమించిందని మాకు తెలిసింది అలా. ఇంతకన్నా పాపిష్టిగా ఎవరికీ తెలిసి ఉండదు.

"మీ అమ్మకి తెలియనివ్వద్దు," అన్నాను.

"సెప్పకుండా ఎలాగుంటాం? దినవూ ఆ మొకం సూడాలి కదా."

"చెప్తే ఏమొస్తుంది? ఆవిడ ఇంకా కుమిలిపోతుంది."

ఆమె పుస్తకం తీసి మళ్లీ సంచిలో పెట్టుకుంది.

*

జనవరిలో బెల్లం మొదలైంది. షెడ్డు నిండా దిమ్మలు, ప్లాట్‌ఫారం నిండా బళ్లు. ఒక బుధవారం మధ్యాహ్నం తల్లీ కూతుళ్లిద్దరూ వచ్చారు. దేముడమ్మ ఈ కొద్ది వారాల్లోనే పదేళ్లు పెద్దదయింది. బెంచీ మీద మెల్లగా కూర్చుంది. కాసులమ్మ కిటికీ దగ్గరే నిలబడింది.

కారు అమ్మేశారు. రాజమండ్రిలో ఎవరో కొన్నారట, అక్కడికి చేర్చే బాధ్యత వీళ్లదే. దేముడమ్మ తమ్ముడు కూడా రాజమండ్రిలోనే ఉంటాడు, ఇక అక్కడే ఉంటారట.

నేనేమీ అడగలేదు. కాసులమ్మే రిజిస్ట్రేషన్ పుస్తకం నా ముందు తెరిచి పెట్టింది. "గ్యాసు ప్లాంటు విప్పీసేం. సెక్రాలు తిరుగుతాయి. వ్యాగన్ ఒక్కలికే. ఓనర్స్ రిస్కు," అంది. వరసగా, ఒక్క గుక్కలో.

మైళ్లు చూశాను. రేటు వేశాను. ఫారం నింపాను. తల ఎత్తితే ఎదురుగా గోడ గడియారం. మొదలుపెట్టి పన్నెండు నిమిషాలయింది.

"అయిపోనాదా బాబూ?" అంది దేముడమ్మ.

"అయిపోయింది పిన్నీ. ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు."

ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఇంతేనా? కూకున్న సోటు ఇంకా ఎచ్చబడనే లేదు. మెడ్రాసు దానికి నెల్లాళ్లు పట్టీసింది కదా?"

ఏ అనుమానమూ లేని మాట. ఊరికే అడిగింది. కాసులమ్మ నా మొహంలోకి చూసింది.

నోట్లోకి మాట దానంతటదే వచ్చేసింది. "మెడ్రాసు దూరం కదా పిన్నీ. దూరం పెరిగితే లెక్క పెరుగుతుంది."

"అవును మరి. దూరవే," అని ఆవిడ నమ్మేసింది. కొంగు ముడి విప్పి, మడతలు నలిగిన ఉత్తరం ఒకటి తీసింది. "ఇది ఓపాలి సదువు బాబూ. మా కన్నబాబు ఆఖర్న రాసింది. ఈ పిల్ల సదివితే ఏడుపే గానీ మాట తెలడం లేదు. నువ్వు సదువు."

చదివాను. పర్మిట్ సంగతి, లారీ సంగతి. చివర్లో ఇలా ఉంది: "సెల్లీ, నీ ఉత్తరాల్లో కారు కంటే గూడ్సు బాబే ఎక్కువున్నాడు. కారు రాపోతే పోనీ. ఆ బాబు మంచోడయితే అమ్మకి సెప్పు. నాకు ఇష్టవే. నేనొచ్చి దగ్గరుండి సేత్తాను."

ఉత్తరాన్ని దాని మడతల మీదే మడిచాను.

"ఆడు రాలేడు," అంది దేముడమ్మ. "ఆడి మాట నేను నిలబెట్టాల కదా. నువ్వు ఊ అంటే ఈ రైలుకి నేనొక్కద్దాన్నే ఎల్తాను బాబూ. దీన్ని నీ సేతిలో పెట్టీసి."

నాకు కావలసినదంతా ఆ బల్ల మీదే ఉంది. ఊ అనడానికి నోరు తెరిచాను.

"దూరం కాదమ్మా," అంది కాసులమ్మ.

"ఏటి దూరం?"

"మెడ్రాసు లెక్క కూడా ఇంతసేపే. ఇతను కావాలని ఒక్కొక్కటే అడిగేడు. ఈ పుస్తకం నా సంచీలో ఉన్నా నేను దాసేను. ఇద్దరం కలిసి నెల్లాళ్లు తిప్పేం. లేపోతే సెప్టెంబర్లోనే ఎల్లిపోయీది ఆ కారు."

దేముడమ్మ ఉత్తరం వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది.

"వాన నువ్వు తెచ్చేవా బాబూ? లైను నువ్వు తెంపేవా? వొయసులో ఉన్నోరు, ఒకర్నొకరు సూసుకోడానికి నాలుగు దినాలు తిప్పుకున్నారు. ఆ మాట నువ్వొచ్చి నా ముందు సెప్పుంటే తిట్టీదాన్ని, గుండెలు బాదుకునీదాన్ని. ఆఖర్న దీన్ని నీకే ఇచ్చీదాన్ని." ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది. "కానీ ఇప్పుడే నా మొకం సూసి దూరం అన్నావు."

"పిన్నీ..."

"రేపు నేను లేనప్పుడు దీనికీ అలాగే సెప్తావు." బొటనవేలు సిరాలో అద్ది, నేను చూపించకుండానే కాగితం అడుగున వేసింది. కూతురి మణికట్టు పట్టుకుంది. "నిన్నయితే ఒగ్గీలేను కదే. పద."

*

కారుని ర్యాంపు మీదుగా వ్యాగన్ మీదకి కాసులమ్మే నడిపింది. బెల్లం బళ్లవాళ్లంతా పని ఆపి చూశారు. పోతురాజు చక్రాలకి చెక్కలు కొట్టి, తాళ్లు కట్టాడు. మిగిలిన పెట్రోలు డబ్బాలోకి దింపేశారు. దిగే ముందు ఆమె ముందు అద్దం దగ్గరున్న ఎర్ర లక్క కారు తీసి సంచిలో వేసుకుంది. అది నేను చూశాను. నాకు దక్కింది అంతే.

రసీదు కోసం కిటికీ దగ్గరికి వచ్చింది.

"అమ్మ అడిగినప్పుడు మీ మొకం సూసేను," అంది. "సెప్తారనుకున్నాను."

"చెబ్దామనే అనుకున్నాను. తరవాత."

"అవును. తరవాతే," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. రసీదు మడిచి పుస్తకంలో పెట్టుకుని, వాళ్లమ్మ కూర్చున్న చోటికి వెళ్లిపోయింది.

ఆ తరవాత ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేశాను. కిటికీ ముందుకి ఎవరొచ్చి ఏది పంపాలన్నా, కావలసినవన్నీ ఒకే చీటీ మీద రాసిచ్చి, ఆ పూటే లెక్క కట్టి పంపేవాణ్ణి. పని తొందరగా చేస్తాడని నాకు మంచి పేరు వచ్చింది. ఎవరినీ కూర్చోమని మాత్రం అనలేదు.